పైసల లెక్క – మూడో పాఠం: ఏ అప్పు ముందు తీర్చాలి?

పోయిన పాఠంలో ఇంటి మీదున్న అప్పులన్నీ ఒక పుస్తకంలో రాసుకోమన్నాను. ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత, నెలకు ఎంత కడుతున్నాం అని మూడు గళ్లు గీసుకున్నాం. ఇవాళ నాలుగో గడి గీయండి. అందులో ఏడాదికి నూటికి ఎంత మిత్తి పడుతుందో రాయాలి. ఏ అప్పు ముందు తీర్చాలో తేలేది ఈ గడిలోనే.

మన దగ్గర మిత్తిని ఒక్కో చోట ఒక్కో తీరుగా చెబుతారు. ఊర్లో రెండు రూపాయలు అంటే నూటికి నెలకు రెండు. బ్యాంకులో పది శాతం అంటే నూటికి ఏడాదికి పది. వినడానికి రెండు చిన్నగా, పది పెద్దగా ఉంటాయి. ఊరి మిత్తిని 12తో హెచ్చవేయండి. రూపాయిన్నర అంటే 18 శాతం, రెండు రూపాయలు 24, మూడు రూపాయలు 36. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమమ్ మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. అంటే ఏడాదికి 36 నుంచి 42. జీరో పర్సెంట్ అని ఇచ్చే ఫోన్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఉంటే దాన్నీ మిత్తి కిందే రాసుకోండి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. దేవరకొండ పక్క పల్లె అమ్మాయి బీఫార్మసీ చదివి, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (కంపెనీల కోసం కేటాయించిన ప్రత్యేక ఆర్థిక మండలి) మందుల కంపెనీలో చేరిందనుకుందాం. జీతం 22 వేలు, అందులో బేసిక్ 15 వేలు. పీఎఫ్ (ఉద్యోగి భవిష్య నిధి) 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోను చేతికొచ్చేది 20 వేలు. చదువుకు బ్యాంకు లోను ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుంది, మిత్తి పది శాతం. ఇది కాక, హాస్టల్ ఖర్చులకని నాన్న ఊర్లో రెండు రూపాయల మిత్తికి లక్ష తెచ్చి ప్రామిసరీ నోటు (అప్పు పత్రం) రాసిచ్చాడు.

ముందు బ్యాంకు లోను సంగతి. చదువుకునే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ ఉండదు. కిస్తీ లేదంటే మిత్తి లేదని చాలామంది అనుకుంటారు. మిత్తి మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. మొదటి లక్షకు ఐదేళ్లకు 50 వేలు, రెండో లక్షకు 40 వేలు, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం లక్షా 40 వేలు. కిస్తీలు మొదలయ్యే నాటికి నాలుగు లక్షల అప్పు 5 లక్షల 40 వేలై కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140.

మీ పిల్లలు ఇంకా చదువుతుంటే ఈ పేరా మీకోసమే. చదువుతున్నప్పుడు, ఆ తర్వాతి ఏడాది కూడా ఆ మిత్తి ఎప్పటికప్పుడు కట్టేస్తే మొదటి ఏడాది నెలకు 833, రెండో ఏడాది 1,667, అలా పెరుగుతుంది. అది కట్టినవాళ్లకు తర్వాత కిస్తీ 5,290 దగ్గర ఆగుతుంది. పదేళ్ల కిస్తీల్లో రెండు లక్షల పైచిలుకు తేడా, ముందు కట్టిన లక్షా 40 వేలు పోయినా లాభమే. అలా కట్టేవాళ్లకు మిత్తిలో కొంత తగ్గింపు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, బ్రాంచిలో అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే వృత్తి, సాంకేతిక కోర్సులకు ఈ కిస్తీ లేని కాలం మిత్తిని కేంద్రమే భరించే పథకం ఉంది. కాలేజీకి, కోర్సుకు అర్హత ఉందో లేదో కనుక్కొని, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకొని, చదువు నడుస్తుండగానే బ్రాంచిలో ఇవ్వండి. ఈ సంగతి తెలియక వదులుకున్న ఇళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

ఇక నోటు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. అందుకే మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయిస్తారు. మధ్యలో మిత్తి కట్టకపోతే లక్షకు మూడేళ్ల మిత్తి 72 వేలు కలిసి కొత్త నోటు లక్షా 72 వేలకు పడుతుంది. అక్కడి నుంచి మిత్తికి మిత్తి నడుస్తుంది. ఇంకో మూడేళ్లకు మళ్లీ రాస్తే 2 లక్షల 95 వేల 840. ఆరేళ్లలో లక్ష మూడు లక్షలకు చేరింది. పత్తి పైసలొచ్చినప్పుడు చూద్దామని అనుకుంటూ ఉండగానే ఇదంతా జరిగిపోతుంది.

బ్యాంకు నోటీసు పంపుతుంది, ఫోన్ చేస్తుంది. ఊర్లో ఇచ్చినాయన తెలిసిన మనిషి, గట్టిగా అడగడు. అందుకని చేతిలో నాలుగు పైసలు మిగిలితే జనం బ్యాంకు లోనుకే ఎక్కువ కడతారు. నా మాట వినండి: బ్యాంకుకు కిస్తీ ఎంతో అంతే కట్టండి. ఒక్క నెల కూడా తప్పొద్దు, తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది, జామీను ఉన్న నాన్న పేరు కూడా దెబ్బతింటుంది. కానీ ఒక్క రూపాయి అదనంగా కట్టొద్దు. మిగిలిందంతా నోటుకే పోవాలి.

ఆ అమ్మాయి జడ్చర్లలో రూముకు, తిండికి 8 వేలు పెట్టుకుంటే, కిస్తీ పోను 4,860 మిగులుతుంది. నోటు అసలు ఇంకా లక్షే ఉందనుకుంటే, అందులో 2 వేలు మిత్తికే పోతాయి, మిగిలిన 2,860 అసలులో తగ్గాలి. అసలు తగ్గేకొద్దీ మిత్తీ తగ్గుతుంది కాబట్టి 27 నెలల్లో నోటు తీరిపోతుంది. నెలనెలా అసలు తీసుకోను అని అప్పిచ్చినాయన అంటే, మూడు నెలలవి జమచేసి ఒకేసారి ఇవ్వండి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనకాల తారీఖు వేసి చెల్లు రాయించి సంతకం తీసుకోండి. ఫోన్‌పేలో పంపినా సరే, చెల్లు రాయించాల్సిందే. మొత్తం తీరిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రావద్దు. మన మనిషే కదా అని మొహమాటపడితే, రేపు ఆయన తర్వాత ఆ నోటు ఎవరి చేతిలో పడుతుందో!

27 నెలలు కూడా ఎక్కువనిపిస్తే మిత్తి తక్కువున్న చోట తెచ్చి ఇది కట్టేయొచ్చు. అమ్మ మహిళా సంఘంలో ఉంటే సంఘం లోను, లేదంటే బ్యాంకులో బంగారం లోను. 24 శాతం అప్పు పది శాతానికి మారితే లక్ష మీద ఏడాదికి 14 వేలు మిగులుతాయి. అయితే బంగారం గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, దాటితే వేలానికి పోతుంది. పుస్తెలతాడు పెట్టొద్దని నా అభిప్రాయం. అది లెక్కలతో తేలే విషయం కాదు.

పీఎఫ్ తీసి నోటు కట్టేద్దామా అని అడిగేవాళ్లుంటారు. కంపెనీ మారగానే పక్క కుర్చీ వాళ్లు చెప్పే మొదటి సలహా కూడా అదే, పీఎఫ్ విత్‌డ్రా చేసెయ్ అని. మిత్తి ఒక్కటే చూస్తే 24 ఎక్కడ, పీఎఫ్ ఇచ్చే 8.25 ఎక్కడ (2024-25 రేటు ఇది). నేను మాత్రం పీఎఫ్ జోలికి పోవద్దంటాను. ఎందుకంటే అది రెండు ఖాతాలు. మీ జీతంలో కోసే 1,800కు సమానంగా కంపెనీ వేసే 1,800లో 1,250 పెన్షన్‌కు పోతుంది, మిగిలిన 550, మీ 1,800 కలిసి 2,350 పీఎఫ్‌లో పడుతుంది. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. 10సీ ఫారం పెట్టి పెన్షన్ డబ్బులు తీసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు పోయినట్టే. 15 వేల జీతం మీద 35 ఏళ్ల సర్వీసుకు పెన్షన్ నెలకు 7,500, అది ఏళ్లను బట్టే లెక్క కడతారు. ఇక పీఎఫ్: మూడేళ్లకు జమయ్యేది మిత్తితో సుమారు 95 వేలు. పాతికేళ్ల వయసులో దాన్ని ముట్టకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేస్తే, ఇదే రేటు నిలిస్తే, 58 ఏళ్లకు ఆ ఒక్క మొత్తమే 13 లక్షల దగ్గరికి వస్తుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆదాయపు పన్ను లెక్కలోకి కూడా వస్తుంది.

ఈ వారం ఇంటి పని. నాలుగో గడి నింపి, మిత్తి ఎక్కువున్న అప్పు పైన వచ్చేలా పట్టికను మళ్లీ రాయండి. ఇంట్లో నోటు ఉంటే అది రాసిన తారీఖు కనుక్కొని పక్కన వేయండి, మూడేళ్లు ఎప్పుడు నిండుతాయో కూడా. ఉద్యోగం చేసేవాళ్లు ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, కంపెనీ వాటా నెలనెలా పడుతోందో లేదో చూడండి. పాత కంపెనీ ఖాతా ఇంకా విడిగా కనిపిస్తుంటే ట్రాన్స్‌ఫర్‌కు పెట్టండి. వచ్చే పాఠంలో చిట్టీ సంగతి: ఎత్తిన చిట్టీకి మిత్తి ఎంత పడిందో లెక్క కట్టడం నేర్చుకుందాం. మీ చిట్టీ పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి.