నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి

మొన్నటి వానకు నెల్లూరులో ఒక అండర్‌బ్రిడ్జి కింద ఆగిపోయిన స్కూటర్ ఇప్పుడు మెకానిక్ షెడ్డులో విప్పి పడి ఉంది. పిస్టన్‌ను కింది క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇంజన్‌లోకి నీళ్లు పోవడం ఒక్కటే అయితే ఫిల్టర్, ఆయిల్ మార్చి బయటపడేవారు. నీళ్లు లోపలికి పోయాక కూడా సెల్ఫ్ నొక్కుతూనే ఉన్నారు. ఇంజన్ పోయింది అందుకే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, వాయుగుండాల కాలం. నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండ్ వంతెనల కింద నీళ్లు నిలవడం ఏటా చూస్తున్నదే. టైర్లు, బ్రేకులు, రెయిన్‌కోటు గురించి అందరికీ తెలుసు, వదిలేద్దాం. చెప్పాల్సింది ఒక్కటే: నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి.

పిస్టన్ నొక్కితే గాలి అణుగుతుంది, నీరు అణగదు. 110 సీసీ స్కూటర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని నెత్తిన మిగిలే చోటు దాదాపు 12 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాల పైచిలుకు. అంతకు మించి నీరు చేరితే పిస్టన్ పైకి వెళ్లలేదు, కింద నుంచి తోసే బలం ఆగదు, మధ్యనున్న రాడ్ వంగుతుంది. ఒక్కోసారి వంగిన రాడ్‌తోనే బండి స్టార్ట్ అయి మురిపిస్తుంది, కొన్నాళ్లకు రాడ్ విరిగి ఇంజన్‌ను చీల్చుకుని బయటికొస్తుంది. ఇంజన్ రక్షణ కవర్ విడిగా తీసుకోని మామూలు బీమాలో ఈ నష్టానికి డబ్బు రావడం కష్టం.

బండి నీళ్లలో ఆగగానే తాళంచెవి ఆఫ్ చేసి తీసేయండి. మెరక మీదికి తోసుకెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూడండి. ఫిల్టర్ తడిస్తే నీరు లోపలికి పోయిందనే అనుకోవాలి. అప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పి, ప్లగ్ వైరును దూరంగా కట్టేసి, తాళం లేకుండానే కిక్ కొట్టాలి. నీళ్లు రంధ్రంలోంచి చిమ్ముతాయి, వాటితో పెట్రోలు కూడా వస్తుంది కాబట్టి మొహం అడ్డం పెట్టకండి, దగ్గర్లో బీడీ వెలగకూడదు. కిక్ లేని బండి, కారు అయితే మెకానిక్‌కే వదిలేయండి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేసే మాటే వద్దు.

ఇక నీళ్లలో దిగకపోయినా పొద్దున్నే మొరాయించే బండ్లు. చలి వల్ల అంటారు. మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, ఇంజన్‌కు అదొక చలే కాదు. తప్పు చెమ్మది, లేదా నీరసించిన బ్యాటరీది. పొద్దున మిస్ కొట్టి, ఎండెక్కాక బాగయ్యే బండిలో ముందు ప్లగ్ వైరును, క్యాపును అనుమానించండి. చీకట్లో ఇంజన్ తిరుగుతుండగా వైరు మీద స్ప్రే సీసాతో సన్నగా నీటి తుంపర కొడితే, పగులున్న చోట నీలి మెరుపు కనిపిస్తుంది. చెయ్యి పెట్టకండి, అక్కడ వేల వోల్టులు ఉంటాయి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు పచ్చగా చిలుము పడతాయి, వాటినీ చూడండి.

రోజంతా అదే తంతు అయితే పెట్రోలును చూడాలి. కార్బొరేటర్ ఉన్న బండి అయితే దాని అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కాస్త పట్టి, కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు చేరినట్టే. ఇథనాల్ కలిసిన పెట్రోలు చెమ్మను లాగుతుంది, నీరు ఎక్కువైతే ఇథనాల్ కూడా నీటితో పాటు అడుక్కి దిగిపోతుంది. వానాకాలం బండి వాడకుండా పెట్టేవాళ్లు ట్యాంకు నింపి పెట్టండి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద డీజిల్ జనరేటర్లు ఉన్నవాళ్లు ఫిల్టర్ కింద చేరిన నీటిని రోజూ వదలండి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగేది సరిగ్గా తుపాను రాత్రే.

కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోయకండి. ప్లగ్‌ను దాని రంధ్రం పక్కనే పెట్టి నిప్పురవ్వ చూడకండి. షట్టరు దించి ఇంజన్ వేడి చేయకండి, జనరేటర్‌ను ఇంట్లో పెట్టకండి, ఆ పొగకు మనుషులు నిద్రలోనే పోతారు. తడిసిన ఫిల్టర్ సైలెన్సర్ మీద ఆరబెట్టకండి. నీళ్లలో ఆగిన బండిని గేరులో వేసి తోయించకండి, అది సెల్ఫ్ కొట్టడంతో సమానం. కారును తాడు కట్టి లాగించినా న్యూట్రల్‌లోనే. "ఒక్కసారి నొక్కి చూద్దాం" అనేవాళ్ల చేతికి తాళం ఇవ్వకండి. షెడ్డుకు చేరగానే బండి నీళ్లలో ఆగిందని మెకానిక్‌కు ముందే చెప్పండి, లేకపోతే అతను చేసే మొదటి పని సెల్ఫ్ నొక్కడమే.