చిన్న దీవికి చవకగా విమాన టికెట్ వెతకడం ఎలా?

చిన్న దీవికి టికెట్ కావాలంటే బయలుదేరే ఊరి నుంచి కాకుండా దీవి నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావడం మేలు. పెద్ద నగరాలకు ఎన్నో విమానాలుంటాయి, వాటి మధ్య పోటీ ఉంటుంది. అక్కడి నుంచి దీవికి వెళ్లేవి మాత్రం ఒకటో రెండో, కాబట్టి ఖర్చును చాలావరకు తేల్చేది ఆ చివరి అంచే.

ముందుగా దీవి విమానాశ్రయం వెబ్‌సైట్‌లో ఏయే నగరాల నుంచి, వారంలో ఏయే రోజుల్లో విమానాలు వస్తున్నాయో చూడాలి. కరీబియన్‌లోని సెయింట్ బార్తెలమీనే తీసుకోండి. అక్కడి రన్‌వే సుమారు 650 మీటర్లే కావడంతో ఇరవైమంది కూడా పట్టని చిన్న విమానాలు తప్ప మరేవీ దిగలేవు. అదే పక్కనున్న సింట్ మార్టెన్‌లో పెద్ద జెట్ విమానాలు దిగుతాయి, అక్కడి నుంచి ఫెర్రీలో కూడా వెళ్లవచ్చు. ఇది తెలియకుండా నేరుగా దీవి పేరు కొట్టి వెతికితే ఫెర్రీ దారి కనిపించకపోవచ్చు.

చివరి అంచె తేదీ కుదిరాక, పెద్ద నగరం దాకా టికెట్‌ను గూగుల్ ఫ్లైట్స్ వంటి చోట నెల క్యాలెండర్‌లో చూసి, రెండింటి మొత్తాన్ని ఒకే టికెట్ ధరతో పోల్చాలి. తేడా కొద్దిగానే ఉంటే ఒకే టికెట్ కొనడం నయం. విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే సాధారణంగా ఆ నష్టం మనదే. పైగా మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి రావచ్చు, అందుకు ఆ దేశపు వీసా కూడా కావాల్సి రావచ్చు. వేళలూ ముఖ్యమే. మాల్దీవుల్లో దీవులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) పగటిపూటే తిరుగుతాయి గనుక, చవకని సాయంత్రం రాజధాని మాలేలో దిగే విమానం ఎంచుకుంటే మిగిలిన డబ్బు ఆ రాత్రి హోటల్ గదికే సరిపోతుంది.

కుటుంబంతో వెళ్లేవారు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. విమానయాన సంస్థలు ఒకే తరగతి సీట్లను పలు ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతాయి. అడుగు మెట్టులో రెండు సీట్లే మిగిలి ఉండగా నలుగురికి వెతికితే, చాలాసార్లు నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తుంది. కాబట్టి ఒకరికి, ఇద్దరికి, నలుగురికి వేర్వేరుగా వెతికి చూడాలి. చిన్నపిల్లలుంటే మాత్రం బుకింగ్ విడగొట్టవద్దని నా సలహా; విమానం రద్దయితే తలా ఒక విమానంలో సీటు ఇచ్చే ప్రమాదం ఉంది.

కరీబియన్ దీవులకు జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుఫానుల కాలం కనుక ధరలు తగ్గడం మామూలే. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా ఉధృతి ఎక్కువ కాబట్టి, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ అయితేనే ఆ రోజుల్లో కొనాలి.

చివరగా, చిన్న విమానాల్లో లగేజీ బరువు పరిమితి పెద్ద విమానం కన్నా తక్కువగా ఉంటుంది. అదనపు బరువుకు కౌంటర్ దగ్గర కాకుండా ముందే ఆన్‌లైన్‌లో కడితే తరచూ తక్కువ పడుతుంది కాబట్టి, పెట్టెను ఇంట్లోనే తూచి, ఆ చివరి విమానం పరిమితి ప్రకారమే సర్దుకోవాలి.