కార్పెట్ పైన ఆరితే చాలదు

తిరుపతిలో ఇళ్లకూ లాడ్జీలకూ వెళ్లి కార్పెట్లు, సోఫాలు శుభ్రం చేయడం నా పని. యంత్రం సర్దుకునే వేళ ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే: "ఎప్పటికి ఆరుతుందన్నా?" దానికి జవాబు పైన కనబడదు. అంచు మడిచి అడుగు చూడాలి.

నైలాన్, పాలిప్రొపిలీన్ పోగులు నీటిని పెద్దగా పీల్చుకోవు. తడి వాటి మధ్య నిలుస్తుందంతే, కాబట్టి త్వరగా ఆరతాయి. ఉన్ని అలా కాదు. తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను లోపల దాచుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ఏలూరు తివాచీలకు పైన ఉన్ని, కింద నూలు పడుగు. ఒక కార్తీకమాసంలో కొర్లగుంటలో ఒక పెద్దావిడ ఇంట్లో అలాంటిదే కడిగాను. సాయంత్రానికి పైన చేయి పెట్టి, ఆరిందనుకుని, సోఫా, టీపాయ్ మళ్లీ వేయించాను. మూడో రోజు ఆవిడ ఫోను చేసి, "నాయనా, గదంతా ముక్కిన వాసన వస్తోంది" అన్నారు. వెళ్లి అంచు ఎత్తితే కింద గచ్చు ఇంకా చెమ్మగానే ఉంది. టీపాయ్ కాలి మేకు తుప్పు పట్టి, తివాచీ మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక వేసింది. ఎంత రుద్దినా అది పూర్తిగా పోలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది.

వేడినీళ్లు చిమ్మి పీల్చే పద్ధతిలో కడిగితే మామూలుగా 6 నుంచి 12 గంటలు పడుతుంది. మందపాటి తివాచీకి, ముసురు రోజుల్లో, 24 గంటలు కూడా పట్టవచ్చు. తక్కువ నీటితో తుడిచే పద్ధతైతే ఒకటి రెండు గంటలు చాలు. ఎండ కన్నా ఎక్కువ తేడా తెచ్చేది పీల్చే పనే. కడగడం అయ్యాక నీళ్లు వదలకుండా, యంత్రం మూతిని అదే చోట రెండు మూడు సార్లు నిదానంగా లాగాలి. గొట్టంలో నీటి చుక్కలు పరుగెత్తడం దాదాపు ఆగిపోవాలి. మీ ఇంటికి వచ్చిన మనిషి ఈ పని చేస్తున్నాడో లేదో దగ్గర నిలబడి చూడండి. చేయకపోతే అడిగి చేయించుకోండి, మొహమాటపడవద్దు.

ఆ తర్వాత పని గాలిది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన రోజున ఎదురెదురు కిటికీలు తెరిస్తే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, లెక్క మారిపోతుంది. బయటి గాలే నీళ్లు మోస్తుంటే కిటికీ తెరవడమంటే తడిని ఇంట్లోకి పిలవడమే. అప్పుడు తలుపులు మూసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. ఏసీ లేని ఇంట్లో వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా కిటికీలు తెరవండి. మూసిన గదిలో ఫ్యాను ఒక్కటే తిరిగితే అదే తేమ గాలి అక్కడే సుడి తిరుగుతుంది. టేబుల్ ఫ్యాను ఉంటే నేల మీద పెట్టి, గాలి తివాచీ మీదుగా పాకేలా తిప్పండి. గంటకోసారి చోటు మార్చండి.

ఎత్తగలిగిన తివాచీని గచ్చు మీద పరచి ఉంచవద్దు. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ల మీద వేస్తే అడుగుకూ గాలి తగులుతుంది. మేడ మీద ఆరేస్తే నీడ చూసుకోండి, ఎర్రటి ఎండకు రంగు వెలుస్తుంది.

ఆరిందని తేల్చుకోవడానికి తెల్లటి నూలు గుడ్డ మడిచి, నడుమ ఒకచోట, అంచున ఒకచోట పెట్టి నిమిషం పాటు కాలితో తొక్కండి. గుడ్డకు తడి అంటకపోయినా అక్కడితో ఆగవద్దు. అంచు ఎత్తి అడుగుభాగాన్ని చేతి వెనుక వైపుతో తాకండి. చల్లగా తగిలితే నీరు ఇంకా ఆవిరవుతోందన్నమాట. 24 నుంచి 48 గంటలు అలా చెమ్మగానే ఉండిపోతే బూజు మొదలవుతుంది. సోఫా ముందే వేయక తప్పకపోతే కాళ్ల కింద అల్యూమినియం రేకు ముక్కలు పెట్టండి.

పెద్దావిడ తివాచీని తర్వాతి మాఘంలో మళ్లీ కడిగాను. రాత్రంతా స్టూళ్ల మీదే ఉంచి, పొద్దున అడుగుభాగం చేతికి చల్లగా తగలడం మానాకే సోఫా వేయించాను.