ఆర్‌లో ఎస్‌క్యూఎల్ – 3వ పాఠం: ఎర్ర అక్షరాలు రాని తప్పులు

కిందటి పాఠంలో పలాస వైపు జీడిపిక్కల కొనుగోలు పద్దును సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టికగా) చేసి, రీడ్.సీఎస్‌వీ ఆదేశంతో ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలోకి ఎక్కించాం. ఈసారి ఆ పట్టికను ఎస్‌క్యూఎల్‌తో, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాషతో, అడుగుదాం. ఎర్ర అక్షరాలంటే తప్పు జరిగినప్పుడు ఆర్ చూపే సందేశం; అది రాకుండానే జవాబు తప్పయ్యే చోట్లు చూద్దాం. అంకెలు సాధన కోసం వేసుకున్నవే. ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

కొనుగోలు పట్టికలో ఐదు వరసలున్నాయి: పలాస 5 బస్తాలు 403 కిలోలు, పలాస 2 బస్తాలు 161 కిలోలు, మందస 3 బస్తాలు 238 కిలోలు, వజ్రపుకొత్తూరు 4 బస్తాలు 322 కిలోలు, మళ్లీ వజ్రపుకొత్తూరు 6 బస్తాలు. ఈ చివరి సరుకు ఇంకా కాటా వేయలేదు కాబట్టి దాని కిలోల గడి ఖాళీ, అంటే ఎన్‌ఏ.

ఆర్ పట్టికలను ఎస్‌క్యూఎల్‌తో అడగనిచ్చే ఎస్‌క్యూఎల్‌డీఎఫ్ ప్యాకేజీని ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుని, లైబ్రరీ ఆదేశంతో తెరవండి. మీరు ప్రశ్న ఇవ్వగానే అది పట్టికను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లోకి తాత్కాలికంగా నకలు చేస్తుంది. లెక్క అక్కడ జరిగి, జవాబు డేటా ఫ్రేమ్‌గా, అంటే ఆర్ పట్టికగా, తిరిగొస్తుంది. అంటే కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదానికి ఆర్ నియమాలు చెల్లవు, ఎస్‌క్యూలైట్ నియమాలే చెల్లుతాయి. ఈ పాఠంలో చూసే తప్పులన్నీ ఇది మరిచిపోవడం వల్ల వచ్చేవే.

బస్తా నికరంగా 80 కిలోలు తూగుతోందా లేదా చూడాలి. మండలాల వారీగా మొత్తం కిలోలను మొత్తం బస్తాలతో భాగించమని అడుగుదాం:

ఎస్‌క్యూఎల్‌డీఎఫ్("సెలెక్ట్ మండలం, సమ్(కిలోలు)/సమ్(బస్తాలు) యాజ్ సగటు ఫ్రమ్ కొనుగోలు గ్రూప్ బై మండలం")

పలాసకు 80, మందసకు 79, వజ్రపుకొత్తూరుకు 32 వస్తాయి. మూడూ తప్పే.

పలాస అసలు లెక్క 564ను 7తో భాగిస్తే 80.57. రీడ్.సీఎస్‌వీ దశాంశం లేని గడులను పూర్ణాంకాలుగా చదువుతుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఎస్‌క్యూలైట్ దశాంశాన్ని కోసేస్తుంది, దగ్గరి అంకెకు సవరించదు. బస్తాకు అరకిలో తేడా పట్టుకోవాలని కూర్చున్నవాడికి పోయింది సరిగ్గా ఆ అరకిలోయే. ముందు 1.0 పెట్టి గుణించండి: 1.0*సమ్(కిలోలు)/సమ్(బస్తాలు).

వజ్రపుకొత్తూరు తప్పు ఇంకా పెద్దది. ఎన్‌ఏ అక్కడ నల్, అంటే ఎస్‌క్యూఎల్‌లో ఖాళీ విలువ, అవుతుంది. సమ్ దాన్ని వదిలేసి 322 కిలోలే కూడుతుంది, బస్తాలు మాత్రం పదీ లెక్కలోకి వస్తాయి. ఆర్‌లో సమ్ అయితే ఎన్‌ఏ చూపించి ఆపేది, ఇక్కడ ఆ హెచ్చరిక లేదు. ఫ్రమ్ కొనుగోలు తర్వాత, గ్రూప్ బై కంటే ముందు, ఇది చేర్చండి:

వేర్ కిలోలు ఈజ్ నాట్ నల్

ఇప్పుడు 80.57, 79.33, 80.5 వస్తాయి. ఈజ్ నాట్ నల్‌కు బదులు సమాన గుర్తుతో నల్‌ను పోలిస్తే ఒక్క వరసా రాదు.

పట్టికలో తేదీ అనే నిలువు వరస కూడా ఉంటే, అక్కడ చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. ఆర్‌లో యాజ్.డేట్ ఆదేశంతో తేదీగా మార్చిన గడి ఎస్‌క్యూలైట్‌కు 1970 జనవరి 1 నుంచి లెక్కించిన రోజుల సంఖ్యగా చేరుతుంది. తేదీ >= '2024-06-01' అని అడిగితే అంకెను అక్షరాలతో పోల్చినట్టు. ఎస్‌క్యూలైట్‌లో అంకె ఎప్పుడూ అక్షరాలకంటే చిన్నదే, అందుకే సున్నా వరసలొస్తాయి. గుర్తు తిప్పి < అంటే తేదీ ఉన్న వరసలన్నీ వస్తాయి. తేదీ >= 19875 అని రాయండి. ఆ సంఖ్యను ఆర్‌లో యాజ్.న్యూమరిక్(యాజ్.డేట్("2024-06-01")) ఇస్తుంది. తేదీని అక్షరాలుగానే ఉంచితే ఏడాది ముందుండాలి. మన పద్దుల్లో రాసే 05-06-2024 తీరులో ఉంటే మే 20 కంటే జూన్ 5 ముందొచ్చేస్తుంది.

నిలువు వరసల పేర్లలో చుక్క వద్దు, అండర్‌స్కోర్ వాడండి. చుక్కకు ముందున్నది పట్టిక పేరని ఎస్‌క్యూలైట్ అనుకుంటుంది. దీనికి ఎర్ర అక్షరాలతో తప్పు చూపిస్తుంది కాబట్టి భయం లేదు.

అభ్యాసం: వరసలన్నీ లెక్కపెట్టే కౌంట్(*), కిలోలు ఉన్న వరసలే లెక్కపెట్టే కౌంట్(కిలోలు) రెండింటినీ ఒకే ప్రశ్నలో మండలాల వారీగా అడగండి. వజ్రపుకొత్తూరుకు 2, 1 రావాలి. ఇకపై సగటు అడిగే ముందు ఈ రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్న మండలంలో కాటా పడని సరుకుందన్నమాట.