అక్షరాలు రానివాళ్లకు ఉల్లాస్, వచ్చినవాళ్లకు ఓపెన్ టెన్త్: పేరు ఎలా నమోదు చేయించుకోవాలి?

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువున్నది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, సుమారు 55 శాతం. అప్పట్లో బడికి పోలేకపోయిన పెద్దలు చదువుకోవాలంటే ఇప్పుడు రెండు దారులున్నాయి. ముందు మీకేది సరిపోతుందో చూసుకోండి.

అక్షరాలే రాకపోతే ఉల్లాస్. ఇది 2022 నుంచి 2027 వరకు నడిచే కేంద్ర పథకం. 15 ఏళ్లు నిండిన ఎవరైనా చేరొచ్చు, ఫీజు లేదు. ఊళ్లోని ప్రభుత్వ బడికి వెళ్లి హెడ్మాస్టరును అడిగితే ఉల్లాస్ యాప్‌లో పేరు ఎక్కిస్తారు. చదువు చెప్పేది జీతం లేని వాలంటీరు. డిగ్రీ చదివే కూతురో కోడలో ఉంటే ఆమెనే అదే యాప్‌లో వాలంటీరుగా నమోదు చేయించండి. పొలం పనుల నుంచి వచ్చి ఇంకో ఇంటికి పోయి కూర్చోవడం రోజూ అయ్యే పని కాదు.

చివర్లో మూడు గంటల పరీక్ష తెలుగులోనే ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50, మొత్తం 150 మార్కులు. ఒక్కోదానిలో 33 శాతం వస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రాకపోయినా టెన్షన్ వద్దు, మళ్లీ రాయొచ్చు. పుణె, ముంబై పనులకు పోయేవాళ్లు బయల్దేరే ముందే పరీక్ష ఎప్పుడో బడిలో అడిగి పెట్టుకోండి. ఈ సర్టిఫికెట్ పదో తరగతికి సమానం కాదు.

చదవడం, రాయడం వచ్చినవాళ్లు నేరుగా ఓపెన్ టెన్త్‌కే పోవచ్చు. అంటే రోజూ బడికి పోకుండానే పదో తరగతి పాసయ్యే దారి. దీన్ని తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ నడుపుతుంది. 14 ఏళ్లు నిండాలి, పైవయసుకు హద్దు లేదు. ప్రవేశాల ప్రకటన వచ్చాక మీసేవలో గానీ సొసైటీ వెబ్‌సైట్‌లో గానీ దరఖాస్తు పెట్టి, మీరు ఎంచుకున్న హైస్కూల్ సెంటర్‌లో కాగితాలు చూపించాలి. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, మిగిలినవి ఐదేళ్లలో పూర్తి చేసుకోవచ్చు.

చిక్కంతా పుట్టిన తేదీ దగ్గరే. మధ్యలో బడి మానేసినవాళ్లకు టీసీ గానీ రికార్డు షీటు గానీ ఉంటుంది. అసలు బడికే పోనివాళ్లు పుట్టిన తేదీ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, తేదీ తెలియక ఎవరో వేసేసింది. పేరు, ఇంటిపేరు, తేదీ అన్ని కాగితాల్లోనూ ఒకేలా లేకపోతే ప్రకటన రాకముందే సరిచేయించండి. మెమో అచ్చయ్యాక మార్పించుకోవడం చాలా కష్టం.