ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ దరఖాస్తు: ప్రభుత్వ బడి పిల్లలకు సాయం చేసేవారికి జాగ్రత్తలు
- బ్రిటన్‌లో ఈ రెండింటికీ, మెడిసిన్‌కీ యూకాస్ (యూనివర్సిటీలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు అక్టోబర్ 15. చాలా కోర్సులకు జనవరి దాకా ఉంటుంది కాబట్టి ఇక్కడే పొరబడతారు.
- ఒకే ఏడాది ఆ రెండింటికీ పెట్టడం కుదరదు.
- ప్రవేశ పరీక్ష ఉన్న కోర్సైతే విడిగా రిజిస్టర్ అవ్వాలి. ఫీజు సాయం ఉంటుంది. పిల్లలు అడగడానికి మొహమాటపడతారు, మీరే చెప్పండి.
- పర్సనల్ స్టేట్‌మెంట్ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో పిల్లలు దరఖాస్తులో రాసేది) 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలకు జవాబులు, మొత్తం 4,000 అక్షరాలు. చదివిన పుస్తకాల జాబితా వద్దు. ఒక్కటి చదివి ఏం ఆలోచించారో రాయనివ్వండి. దయచేసి మీరు రాసిపెట్టకండి. ఇంటర్వ్యూలో మీరు రాసిన వాక్యం మీదే ప్రశ్న రావచ్చు.
- మాక్ ఇంటర్వ్యూ పిల్లలకు పరిచయం లేని టీచర్‌తో పెట్టించండి. తెలిసిన ముఖమైతే అసలు టెన్షన్ బయటపడదు.