రొమ్ము క్యాన్సర్ పరీక్షకు వెళ్లేటప్పుడు సిగ్గును, భయాన్ని ఎలా ఎదుర్కోవాలి?

రొమ్ములో గడ్డ తగిలినా నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా ఉండిపోయే ఆడవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. నొప్పి లేదు కదా అని కొందరు, పరాయి మగవాడి ముందు రవిక ఎలా విప్పాలని ఇంకొందరు, విషయం బయటపడితే కూతురి పెళ్లి సంబంధాలు చెడిపోతాయేమోనని మరికొందరు. సిగ్గుపడకండి అని పోస్టరు అంటించినంత మాత్రాన సిగ్గు పోదు. అది పోవాల్సిన అవసరం కూడా లేదు. మర్యాదకు లోటు రాకుండా పరీక్ష జరిగేలా ముందే ఏర్పాటు చేసుకుంటే చాలు.

ముందు ఫోను చేసి అడగండి

మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీసేది టెక్నీషియన్. రొమ్ముకు అల్ట్రాసౌండ్ స్కానింగు చేసేది రేడియాలజీ డాక్టరు. చాలాసార్లు ఈ రెండూ ఒకే రోజు చేస్తారు. అందుకని రెండు ప్రశ్నలూ విడివిడిగా వేయాలి: "మామోగ్రామ్ తీసేది ఆడవాళ్లేనా? స్కానింగుకు లేడీ డాక్టరు ఏ రోజు ఉంటారు?" మొదటి ప్రశ్నతో ఆపేస్తే, స్కానింగు గదిలోకి అడుగుపెట్టాక మగ డాక్టరును చూసి బిగుసుకుపోవాల్సి వస్తుంది.

లేడీ డాక్టరు దొరకకపోతే మీతో వచ్చిన అక్కనో, ఒక నర్సునో గదిలో ఉంచమని అడగండి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో మహిళ దగ్గర ఉండాలని, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. మీరు అడిగేది మీ హక్కు, మొహమాటపడకండి. లేడీ డాక్టరు కోసం నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, నెలలు మాత్రం ఆగకూడదు. మొదటిసారి చూపించుకున్న నాటి నుంచి 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ పూర్తి కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యం.

యంత్రం పేరు వింటేనే గుండె జారిపోయేవాళ్లు చేతి పరీక్షతో మొదలుపెట్టవచ్చు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఈ పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతుంది. గడ్డ ఇప్పటికే తగులుతుంటే మాత్రం చేతి పరీక్షతో సరిపెట్టుకోవద్దు.

బట్టలు, నగలు

పొడవాటి కుర్తా, నైటీ వద్దు. వాటిని తీస్తే ఒళ్లంతా తీసినట్టే. చీర, ముందు హుక్కులున్న రవిక అన్నిటికన్నా మేలు. ఒకవైపు పరీక్ష జరుగుతున్నప్పుడు రెండోవైపు పైట కప్పుకుని ఉండవచ్చు. పొట్టి టాపు వేసుకుంటే వెంట పెద్ద చున్నీ తీసుకెళ్లండి.

ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు, డియోడరెంట్ రాసుకోవద్దు. వాటి రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనిపించి లేనిపోని క్యాన్సర్ అనుమానం తెస్తాయి. తాళి తీయమంటారేమోనన్న బెంగ చాలామందికి ఉంటుంది. ఫిల్ములో పడకుండా వీపు మీదికి తిప్పుకుంటే సరిపోతుందేమో ముందే అడగండి. నెలసరి వచ్చేవాళ్లు అది అయిపోయిన వారంలో తేదీ తీసుకుంటే రొమ్ము సలపరం తక్కువగా ఉంటుంది.

గదిలో ఏం జరుగుతుంది?

భయంలో సగం, లోపల ఏం చేస్తారో తెలియకపోవడం వల్లే. మీరు యంత్రం ముందు నిలబడతారు. టెక్నీషియన్ ఒక రొమ్మును చేత్తో పట్టి పలక మీద సర్దుతుంది, పై నుంచి పారదర్శకంగా ఉండే ఇంకో పలక దిగి గట్టిగా నొక్కుతుంది. ఊపిరి బిగబట్టమంటుంది. కొన్ని సెకన్లకు పలక లేస్తుంది. ఒక్కో రొమ్ముకు సాధారణంగా రెండు ఫిల్ములు, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. మొత్తం అరగంట లోపే.

లోపలికి వెళ్లగానే "నాకు సిగ్గుగా ఉందమ్మా, ముందు చెప్పి చేయి వేయండి" అని ఒక్క మాట అనండి. రోజూ ఇదే పని చేసేవాళ్లకు ఆ మాట కొత్త కాదు. నొప్పి ఓర్చుకోలేకపోతే ఆపమనండి, ఆపుతారు. భుజాలు బిగబడితే నొక్కుడు ఇంకా బాధిస్తుంది. అందుకే పలక దిగే ముందు నెమ్మదిగా గాలి వదిలి భుజాలు జారవిడవండి. మీ పరీక్షతో పనిలేని వాళ్లు గదిలో ఉంటే బయటికి పంపమని చెప్పండి. బోధనాసుపత్రి అయితే విద్యార్థులు ఉండవచ్చో లేదో మీ ఇష్టం అడగాలి.

రిపోర్టు వచ్చేదాకా

అన్నిటికన్నా కష్టమైన రోజులు ఇవే. ఎవరికి చెప్పాలో మీరే ఎంచుకోండి. బంధువులందరికీ చెబితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పి భయం పెంచుతారు. నిబ్బరంగా వినే ఒక్క మనిషి చాలు, ఆ మనిషి భర్త అయితే మరీ మంచిది. రిపోర్టు వాట్సాప్‌లో వస్తే రాత్రిపూట ఒంటరిగా తెరిచి ఇంటర్నెట్లో వెతకవద్దు.

రిపోర్టులో బైరాడ్స్ అనే అంకె ఉంటుంది, ఫిల్ములో కనబడినదాన్ని ఎంత అనుమానించాలో అది చెబుతుంది. 0 అంటే పరీక్ష పూర్తి కాలేదని, ఇంకో ఫిల్మో స్కానో కావాలని. 1, 2 వస్తే అనుమానించేదేమీ కనబడలేదని. 3 అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ రమ్మంటారు. 4, 5 అయితే సూదితో ముక్క తీసి చూడాలి, దీన్నే బయాప్సీ అంటారు. 4 వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని తేలినట్టు కాదు. చేతికి గడ్డ తగులుతున్నప్పుడు మాత్రం 1 వచ్చినా డాక్టరును కలవాలి.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న మాటను నమ్మి పరీక్ష వాయిదా వేయకండి. బయాప్సీ వల్ల వ్యాధి ఒళ్లంతా పాకదు. మత్తు ఇంజెక్షన్ అక్కడికే ఇస్తారు, కుట్లు సాధారణంగా ఉండవు. చిన్న కట్టుతో అదే రోజు ఇంటికి పంపుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.